అచ్చయిన పేపర్‌ని కాన్ఫరెన్స్‌లో చెప్పడం ఎలా?

"మేడమ్, పేపర్ జర్నల్‌లో వచ్చేసింది. ఇప్పుడు దాన్నే కాన్ఫరెన్స్‌లో ప్రెజెంట్ చేస్తే తప్పా?" మన కాలేజీల్లో సదస్సుల సీజన్ మొదలైతే చాలు, వారానికి ఒక్కరైనా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. కొందరు ముందే అడుగుతారు. కొందరు పంపేసి, చిక్కు వచ్చాక ఫోన్ చేస్తారు. ఆ రెండో రకం ఫోన్లు తగ్గాలని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

జవాబు: చెప్పొచ్చు. కొన్ని చోట్ల పిలిచి మరీ చెప్పమంటారు. షరతులు రెండు. అది ముందే అచ్చయిందని నిర్వాహకులకూ, వినేవాళ్లకూ తెలియాలి. అదే పేపర్ ప్రొసీడింగ్స్ (సదస్సు పేపర్లన్నీ కలిపి వేసే సంపుటి) పేరుతోనో, పుస్తకం పేరుతోనో మళ్లీ అచ్చు కాకూడదు. నోటితో చెప్పడం వేరు, మళ్లీ అచ్చువేయించడం వేరు. నేను చూసిన తప్పుల్లో చాలా వరకు ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల జరిగినవే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అచ్చయిన పేపర్ చివరి పీడీఎఫ్, దాని డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్)
- ఆమోదం పొందినప్పుడు మీరు జర్నల్‌కి పంపిన వర్డ్ ఫైల్ (జర్నల్ లేఅవుట్ లేనిది)
- జర్నల్‌తో సంతకం పెట్టిన కాపీరైట్ ఒప్పందం. "ఎక్కడుందో తెలీదు" అంటారు చాలామంది. పేపర్ ఆమోదం వచ్చిన వారంలోని మెయిళ్లు వెతకండి, అక్కడే ఉంటుంది.
- కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో ఉన్న పూర్తి ప్రకటన. వాట్సాప్ గ్రూపులో తిరిగే బ్రోచర్ ఫొటో చాలదు, అందులో నియమాలు ఉండవు.
- సహరచయితలందరి మెయిల్ ఐడీలు

ఉదాహరణ కోసం ఒక పేపర్ అనుకుందాం: నల్గొండ జిల్లాలోని కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచి రాసినది. ఏడాది కిందట ఒక జర్నల్‌లో వచ్చింది. దాన్ని పట్టుకుని మెట్టు మెట్టుగా వెళ్దాం.

1. ప్రకటనలో మూడు విషయాలు వెతకండి

మొదటిది, "ఇంతకుముందు ప్రచురితం కానివి మాత్రమే పంపండి" అన్న వాక్యం ఉందా? ఉంటే, మామూలు దారిలో పంపకండి. రెండోది, ప్రొసీడింగ్స్ ఉన్నాయా? ఉంటే అందులో వేసేది అబ్‌స్ట్రాక్టా (చిన్న సారాంశం), పూర్తి పేపరా? మూడోది, ఫారంలో ఒక టిక్ బాక్స్ ఉంటుంది: "ఈ పని మరెక్కడా ప్రచురితం కాలేదని ధ్రువీకరిస్తున్నాను." చాలామంది దాన్ని చదవకుండా టిక్ పెట్టేస్తారు. అది మీ పేరు మీద ఇచ్చిన లిఖితపూర్వక హామీ. మీ పేపర్ అచ్చయి ఉంటే ఆ టిక్ అబద్ధం అవుతుంది. ఫారం అది లేకుండా ముందుకు కదలకపోతే, అక్కడే ఆగి నాలుగో మెట్టులో చెప్పినట్టు మెయిల్ రాయండి.

2. మీ రంగంలో ఏది మామూలో తెలుసుకోండి

ఈ విషయంలో ఒక రంగం వాళ్ల సలహా ఇంకో రంగం వాళ్లకి పనికిరాదు. హాస్టల్ రూమ్మేట్ చెప్పిన మాట విని దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. ఆయన కెమిస్ట్రీ, ఈయన కంప్యూటర్ సైన్స్.

కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్సుల పేపరే అసలు ప్రచురణ. జర్నల్‌లో వచ్చినదాన్ని మామూలు ట్రాక్‌కి పంపితే రెండుసార్లు ప్రచురించే ప్రయత్నం కింద లెక్కవేసి తీసేస్తారు. అయితే వీళ్లకే చక్కటి ప్రత్యేక దారులు కూడా ఉన్నాయి. 2014లో హైదరాబాద్‌లో జరిగిన ఐసీఎస్‌ఈ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సుకి ఇప్పుడు "జర్నల్ ఫస్ట్" అనే ట్రాక్ ఉంది. మెషీన్ లెర్నింగ్ జర్నల్ జేఎంఎల్‌ఆర్ పేపర్లను అదే రంగంలోని న్యూరిప్స్ లాంటి సదస్సుల్లో చెప్పే వీలుంది. కంప్యూటర్‌తో భాషల పని మీద వచ్చే టీఏసీఎల్ జర్నల్‌లోని వాటిని ఏసీఎల్ సదస్సుల్లో, ఐఈఈఈ రోబోటిక్స్ అండ్ ఆటోమేషన్ లెటర్స్‌లో వచ్చినవాటిని ఐసీఆర్‌ఏ, ఐరాస్ లాంటి రోబోటిక్స్ సదస్సుల్లో చెప్తారు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే జరిగిన ఐకాస్ప్ అనే సిగ్నల్ ప్రాసెసింగ్ సదస్సుకి కూడా ఐఈఈఈ సిగ్నల్ ప్రాసెసింగ్ లెటర్స్ పేపర్లతో వచ్చే దారి ఉంది. జర్నల్ ఫస్ట్ దారిలో కొత్త పేపర్ రాయరు. అచ్చయిన పేపర్ లింకు, చిన్న సారాంశం ఇస్తారు. "ఫలానా తేదీ తర్వాత ఆమోదం పొందినవే" అని గడువు ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. ప్రొసీడింగ్స్‌లో రాదు కదా అని రిజిస్ట్రేషన్ ఫీజు తప్పుతుందనుకోకండి, రచయితల్లో ఒకరైనా కట్టాలి.

వైద్యంలో వరుస తిరగబడి ఉంటుంది. ముందు సదస్సులో అబ్‌స్ట్రాక్ట్, తర్వాత జర్నల్. అంతర్జాతీయ వైద్య జర్నల్ సంపాదకుల సంఘం మార్గదర్శకాల ప్రకారం సదస్సులో అబ్‌స్ట్రాక్ట్‌గానో పోస్టర్‌గానో చెప్పినది జర్నల్ ప్రచురణకి అడ్డం కాదు. కానీ జర్నల్‌లో పూర్తిగా వచ్చేశాక వెనక్కి వెళ్లి పెద్ద సదస్సులకు అబ్‌స్ట్రాక్ట్ పంపడం కష్టం, కొత్త ఫలితాలే కావాలంటారు. ఒక సదస్సులో చెప్పినదాన్ని మరో సదస్సులో మళ్లీ చెప్పడాన్ని వీళ్లు "ఎన్‌కోర్" అంటారు. ప్రాంతీయ శాఖల సదస్సులు దానికి ఒప్పుకుంటాయి, ఎన్‌కోర్ అని ముందే చెప్పాలి.

సోషల్ సైన్సుల్లో, హ్యుమానిటీస్‌లో పూర్తికాని పనిని పదిమందిలో పెట్టి అభిప్రాయాలు తీసుకోవడానికే సదస్సులు. అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్ లాంటివి ముందే అచ్చయిన పత్రాలు వద్దని నియమమే పెట్టుకున్నాయి. ఇక తెలుగు శాఖల్లో జరిగే జాతీయ సదస్సుల సంగతి మీకు తెలిసిందే: పత్ర సమర్పణ అయ్యాక అవన్నీ కలిపి ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే నంబర్)తో సంకలనం వేస్తారు. మీ వ్యాసం అప్పటికే ఒక పత్రికలో వచ్చి ఉంటే, సదస్సులో చదవండి, కానీ సంకలనంలో వేయవద్దని కన్వీనర్ గారికి ముందే రాసివ్వండి. వేయాలనే అనుకుంటే పత్రిక అనుమతి తీసుకుని, వ్యాసం మొదటి పేజీలోనే "మొదట ఫలానా పత్రికలో, ఫలానా నెల సంచికలో అచ్చయింది" అని ఉండాలి.

ఫ్లోరైడ్ పేపర్ లాంటి పర్యావరణ, భూగర్భ శాస్త్ర పనులకు అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే వేసే సదస్సులు చాలా దొరుకుతాయి. మీకు బాగా నప్పేవి అవే.

3. సహరచయితలను అడగండి

గైడ్ ఒక్కరిని అడిగితే సరిపోదు. నీటి నమూనాలు పరీక్షించిన ల్యాబ్ సహరచయిత కూడా మనిషే, ఆయన పేరు మీద మీరు మాట్లాడబోతున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్తారు, ఏ పేపర్ నుంచి అన్నది నాలుగు వాక్యాల మెయిల్‌లో రాసి, వారం గడువు ఇవ్వండి. ఫోన్‌లో "సరే" అన్నా మెయిల్‌లో ఒక మాట తీసుకోండి. ఇద్దరు సహరచయితలు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పనిని రెండు సదస్సులకి పంపడం నేను చూశాను. అబద్ధం ఎవరూ ఆడలేదు, కానీ బయటివాళ్లకి అలా కనిపించలేదు.

4. నిర్వాహకులకు మెయిల్ రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మిగతావి ఎలా చేసినా ఇది మాత్రం వదలకండి. మీ మాటల్లో, ఇంగ్లీషులోనో తెలుగులోనో, ఈ అర్థం వచ్చేలా రాయండి:

"నమస్కారం. మీ సదస్సుకు పంపాలనుకుంటున్న ఈ పని గత ఏడాది ఫలానా జర్నల్‌లో పూర్తి పేపర్‌గా వచ్చింది. డీఓఐ కింద ఇచ్చాను. దీన్ని మౌఖికంగా గానీ, పోస్టర్‌గా గానీ ప్రెజెంట్ చేయడానికి అనుమతిస్తారా? ప్రొసీడింగ్స్‌లో గానీ, సావనీర్‌లో గానీ, పుస్తకంలో గానీ పూర్తి పేపర్ వేయవద్దని మనవి. అబ్‌స్ట్రాక్ట్ వేసేట్టయితే చివర మొదటి ప్రచురణ వివరం ఉంచగలరు. మీ నిర్ణయం మెయిల్‌లో తెలియజేయగలరు."

"సావనీర్" (సదస్సు జ్ఞాపకంగా వేసే సంచిక) అన్న మాట ఎందుకు పెట్టానో చెప్పాలి. నా దగ్గర పరిశోధన చేసిన ఒక అమ్మాయి ఒక సదస్సులో అచ్చయిన పేపరే చెప్పింది. అచ్చయిందని కన్వీనర్‌కి నోటితో చెప్పింది కూడా. సదస్సు ముందు రోజు రాత్రి వాళ్లు ఫోన్ చేసి, "సావనీర్ కోసం ఫుల్ పేపర్ పంపండమ్మా, ఊరికే రికార్డుకి" అన్నారు. పంపేసింది. ఎనిమిది నెలల తర్వాత ఆ "సావనీర్" ఆన్‌లైన్‌లో డీఓఐతో సహా వచ్చింది. జర్నల్ ఎడిటర్ నుంచి సంజాయిషీ అడుగుతూ మెయిల్ వచ్చిన రోజు ఆ అమ్మాయి థీసిస్ బైండింగ్ షాపులో ఉంది. ఆ టెన్షన్ నేను కళ్లారా చూశాను. నిర్వాహకులు ఆ పేపర్ తీసేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ముందే రాసిన ఒక్క మెయిల్ ఉండుంటే అది ఎడిటర్‌కి ఫార్వర్డ్ చేస్తే అయిపోయేది.

జవాబు "కుదరదు" అని వస్తే బాధపడకండి. వేరే దారులున్నాయి: అదే సదస్సుకి అనుబంధంగా జరిగే వర్క్‌షాప్ (కంప్యూటర్ సైన్స్‌లో "నాన్ ఆర్కైవల్", అంటే పేపర్లను ప్రొసీడింగ్స్‌గా అచ్చువేయనివి, అని రాసినవి వెతకండి, వాటిలో కొన్ని అచ్చయిన పనినీ తీసుకుంటాయి), వేరే యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ టాక్, ఆహ్వాన ప్రసంగం. లేదా పేపర్‌కి కొత్త పని చేర్చి కొత్త పేపర్‌గా పంపండి.

ఆ కొత్త పేపర్ గురించి ఒక హెచ్చరిక. "30 శాతం మారిస్తే చాలు" అన్న మాట మన క్యాంపస్‌లలో బాగా తిరుగుతోంది. అది కాన్ఫరెన్స్ పేపర్‌ని విస్తరించి జర్నల్‌కి పంపేటప్పుడు చాలా జర్నళ్లు అడిగే కొత్త విషయం లెక్క. జర్నల్ నుంచి కాన్ఫరెన్స్‌కి వచ్చేటప్పుడు అది వర్తించదు. పైగా అది వాక్యాలు మార్చడం గురించి కాదు, కొత్త ఫలితం గురించి. బోరు నీళ్ల పేపర్ తర్వాత అవే ఊళ్లలో మిషన్ భగీరథ కుళాయి నీళ్లను కూడా కొలిస్తే అది కొత్త పని. పాత పట్టికకే కొత్త రంగులు వేస్తే కాదు.

"ఏమీ అడగం, రేపే ఆమోదం, ఫీజు కట్టండి" అని మెయిల్ పంపే సదస్సులకు అసలు వెళ్లకండి. అచ్చయిందని చెప్పినా "పర్లేదు, స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల పెద్ద సూచిక) వేయిస్తాం" అంటే ఇక ఆ మెయిల్ మూసేయండి.

5. అబ్‌స్ట్రాక్ట్ కొత్తగా రాయండి

జర్నల్ అబ్‌స్ట్రాక్ట్‌ని కాపీ చేసి అతికించకండి. 2020 ఏప్రిల్‌లో యూజీసీ విడుదల చేసిన నోటీసు ప్రకారం, ముందే అచ్చయిన సొంత పనిని సరిగ్గా ప్రస్తావించకుండా కొత్తదిగా చూపించి విద్యాపరమైన లాభం పొందడం స్వీయ గ్రంథచౌర్యం. "నా వాక్యాలే కదా" అన్న వాదన అక్కడ నిలవదు. 2018 నాటి యూజీసీ గ్రంథచౌర్య నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదన్నది చూసుకుని ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు. పోలికలు పట్టే డ్రిల్‌బిట్ సాఫ్ట్‌వేర్ రిపోర్టు వాక్యాల పోలికనే చెప్తుంది. మీరు విషయం దాచారా లేదా అన్నది అది చెప్పదు.

ఎలా రాయాలి? పద్ధతిని ఒక వాక్యానికి కుదించండి. ముఖ్య ఫలితం ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. మిగతా చోటంతా ఈ సదస్సుకి వచ్చేవాళ్లకి ఆ ఫలితం ఎందుకు పనికొస్తుందో రాయండి. నీటిపారుదల ఇంజనీర్ల సదస్సయితే ఒక తీరు, దంతవైద్యుల సదస్సయితే ఇంకో తీరు. చివరి వాక్యం మాత్రం మారదు: "ఈ పని పూర్తి పాఠం ఫలానా జర్నల్‌లో వచ్చింది", పక్కనే డీఓఐ. శీర్షిక కూడా అదే ఉంచండి, లేదా దాన్ని గుర్తుపట్టేలా ఉంచండి. పూర్తిగా కొత్త శీర్షిక పెడితే రేపు ఎవరైనా రెండు వేర్వేరు పనులనుకుంటారు.

పేపర్ ఆమోదం పొంది ఇంకా బయటికి రాకపోతే, ఆ తేదీ వరకు ఫలితాలు బయటపెట్టవద్దని జర్నల్ షరతు పెట్టిందేమో చూడండి. అనుమానం ఉంటే ఎడిటర్‌కి రాయండి, సాధారణంగా రెండు మూడు రోజుల్లో చెప్తారు.

6. బొమ్మలు, పట్టికలు

మీరు గీసిన గ్రాఫే అయినా, కాపీరైట్ రాసిచ్చేశాక దాని హక్కు జర్నల్‌ది కావచ్చు. చాలా పెద్ద ప్రచురణకర్తలు రచయితలు తమ బొమ్మలను ప్రెజెంటేషన్లలో వాడుకోవడానికి ఒప్పందంలోనే వీలిస్తారు. ఆ వాక్యం మీ ఒప్పందంలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పేపర్ వెబ్ పేజీలో అనుమతుల లింకు ఉంటుంది, దాని ద్వారా అడిగితే సొంత బొమ్మలకి చాలాసార్లు డబ్బు లేకుండానే ఇస్తారు. సీసీ బై లైసెన్సుతో (మూలం చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సు) వచ్చిన ఓపెన్ యాక్సెస్ పేపరైతే మూలం, లైసెన్సు పేరు చెప్తే చాలు. ఎలా వాడినా బొమ్మ కింద చిన్న అక్షరాల్లో జర్నల్ పేరు, సంవత్సరం ఉండాలి.

ఇంకా తేలిక దారి: అదే డేటాతో బొమ్మను మళ్లీ గీయండి. జర్నల్ బొమ్మ చేతిలో పెట్టుకుని చదవడానికి గీసింది. హాల్లో వెనక వరసలో కూర్చున్నవాళ్లకి ఆ అక్షరాలు ఎలాగూ కనపడవు.

7. స్లైడ్లు

మొదటి స్లైడ్‌లో శీర్షిక కింద, మీ పేర్ల తర్వాత, జర్నల్ పేరూ సంవత్సరమూ డీఓఐ పెట్టండి. చివరి స్లైడ్‌లో కాదు, మొదటి స్లైడ్‌లోనే. నోటితో కూడా చెప్పండి: "ఇది గత ఏడాది అచ్చయింది. పూర్తి వివరాలు అందులో ఉన్నాయి, ఇవాళ ముఖ్యమైన రెండు విషయాలు చెప్తాను." ఆ మాటతో హాల్లో ఎవరికీ అనుమానం మిగలదు, మీకూ గుండె తేలికపడుతుంది.

పేపర్ వరసలో స్లైడ్లు చేయకండి. వినేవాళ్లు కావాలంటే పేపర్ చదువుకుంటారు. పేపర్‌లో లేనిది చెప్పండి: రివ్యూయర్ అడిగిన కష్టమైన ప్రశ్న ఏమిటి, దానికి మీరు ఏం చేశారు, నమూనాలు తెచ్చేటప్పుడు ఏం తప్పింది, అచ్చయ్యాక ఎవరైనా మీ ఫలితాన్ని ప్రశ్నించారా. ఫ్లోరైడ్ పేపర్‌లో "నమూనాలు ఉదయం సేకరించాం" అని ఒక ముక్క ఉంటుంది. కరెంటు ఏ వేళకి వస్తుందో తెలియక బోరు మోటారు పక్కన సీసాలు పట్టుకుని ఎదురుచూసిన సంగతి పేపర్‌లో ఉండదు. అదే పని మొదలుపెట్టబోయే మరో పరిశోధకుడికి కావాల్సింది ఆ సంగతే.

పన్నెండు నిమిషాలిస్తే పదికి పూర్తయ్యేలా చూసుకోండి. కొత్త ఫలితం ఏదైనా కలిపితే ఆ స్లైడ్ మీద "పేపర్‌లో లేనిది" అని స్పష్టంగా రాయండి. పాతదీ కొత్తదీ కలిసిపోతే మీరు రేపు రాయబోయే కొత్త పేపర్‌కే ఇబ్బంది.

చివర్లో డీఓఐకి క్యూఆర్ కోడ్ పెట్టండి. పేపర్ డబ్బు కట్టి చదవాల్సినదైతే, మీ దగ్గరున్న వర్డ్ ఫైల్ ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారం) పెట్టొచ్చేమో చూసి దాని లింకు ఇవ్వండి. ఏ జర్నల్ ఏది ఒప్పుకుంటుందో షెర్పా రోమియో వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఇప్పుడు దాని పేరు ఓపెన్ పాలసీ ఫైండర్. జర్నల్ లేఅవుట్‌తో ఉన్న పీడీఎఫ్‌ని మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పంచకండి.

8. అయిపోయాక ఇవి చెక్ చేసుకోండి

సదస్సు అయిన నెలకి ఒకసారి, ఆరు నెలలకి ఇంకోసారి, మీ శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. అన్ని వెర్షన్లు చూపించే లింకు నొక్కండి, రెండు వెర్షన్లను కలిపి ఒకటిగా చూపించే అలవాటు దానికి ఉంది. రెండో డీఓఐ కనపడితే అది ప్రమాద సూచన. అబ్‌స్ట్రాక్ట్ పుస్తకం చేతికొచ్చాక మీ పేజీ తీసి, మొదటి ప్రచురణ వాక్యం ఉందో లేదో చూడండి. ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది అదే. పోయి ఉంటే ఆన్‌లైన్ ప్రతిలోనైనా చేర్చమని రాయండి.

మీకు తెలియకుండా పూర్తి పేపర్ మళ్లీ అచ్చయిపోతే, జర్నల్ ఎడిటర్‌కి మీరే ముందు రాయండి. ఆయన కనిపెట్టేదాకా ఆగకండి. ఏం జరిగిందో, మీరు నిర్వాహకులకు ఏం రాశారో, వాళ్ల జవాబు ఏమిటో జతచేసి పంపండి. రెండో ప్రతిని తీసేయమని సదస్సువాళ్లకి అదే రోజు రాయండి.

9. సీవీలో, స్కోర్ పత్రంలో ఎలా రాయాలి

"ప్రచురణలు" కింద జర్నల్ పేపర్ ఒక్కటే. సదస్సు "ప్రెజెంటేషన్లు" కింద వస్తుంది, బ్రాకెట్లో ఆ పేపర్ నంబర్ రాయండి. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల మీద వచ్చిన యూజీసీ 2018 నిబంధనల పట్టికలో విదేశాల్లో జరిగే అంతర్జాతీయ సదస్సుకి 7, దేశంలో జరిగే అంతర్జాతీయానికి 5, జాతీయానికి 3, రాష్ట్ర లేదా యూనివర్సిటీ స్థాయికి 2 పాయింట్లు ఉన్నాయి. సమర్పించిన పత్రం సంకలనంలోనో ప్రొసీడింగ్స్‌లోనో భాగమైతే ఒక్కసారే లెక్కలోకి వస్తుందని కూడా అక్కడే ఉంది. పీహెచ్‌డీ కోసం రెండు ప్రెజెంటేషన్లు తప్పనిసరి అన్న పాత నియమం 2022 యూజీసీ నిబంధనల్లో లేదు. మీ యూనివర్సిటీ సొంత నియమం పెట్టుకుని ఉండొచ్చు. అచ్చయిన పేపర్ ప్రెజెంటేషన్‌ని వాళ్లు లెక్కలోకి తీసుకుంటారో లేదో రీసెర్చ్ సెక్షన్‌లో ముందే రాతపూర్వకంగా అడగండి, టికెట్ బుక్ చేశాక కాదు.

ఆ జవాబునూ, నిర్వాహకుల మెయిల్‌నూ, సహరచయితల అంగీకారాలనూ, సర్టిఫికెట్ స్కాన్‌నూ పేపర్ పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.